పత్తి వచ్చేలోపు వీలీ

జూన్ ఆఖరు

వీలీ అంటే ముందు చక్రం గాల్లోకి లేపి వెనక చక్రం మీదే బండి నడపడం. దానికి ముందు కావాల్సింది బండి కాదు, జాగా. పొడవుగా, చదునుగా ఉండాలి. అడ్డంగా మనిషి గానీ కుక్క గానీ మేక గానీ రావద్దు. పడితే పగిలేది మన మోకాలే కావాలి. వరంగల్ చుట్టూ అలాంటి జాగాకు కొదవేముంది అనిపిస్తుంది. హసన్‌పర్తి వైపు, ధర్మసాగర్ వైపు ప్లాట్ల వెంచర్లు బోలెడు, రోడ్లేసి ఉంటాయి, ఇళ్లుండవు. తీరా పోయి చూస్తే పొద్దున వాకింగ్ వాళ్లు, మధ్యాహ్నం గొర్లు, సాయంత్రం కారు నేర్చుకునేవాళ్లు. మామునూరు పాత ఎయిర్‌స్ట్రిప్ పేరు ప్రతి పోరడూ ఎత్తుతాడు. నిజాం కాలంలో, 1930లో వేసిన రన్‌వే అది. ఇప్పుడు మళ్లీ విమానాశ్రయం కట్టే పనిలో పడ్డారు కాబట్టి ఆ ముచ్చట అక్కడికే ఖతం.

రోడ్డు మీద చేసే ఆలోచన మొదటి నుంచీ లేదు. రాత్రి పదకొండు దాటాక ముందు చక్రం లేపి ఫోన్‌కు చూపించుకునే పోరగాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నట్టే మా దగ్గరా ఉన్నారు. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకరంగా నడిపితే మొదటిసారే 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదంటే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. జరిమానా సంగతి అటుంచండి. చక్రం లేచి ఉన్నప్పుడు హ్యాండిల్ తిప్పినా బండి తిరగదు, ముందు బ్రేకు ఉన్నా లేనట్టే, ఎదురుగా ఏముందో హెడ్‌లైట్ అడ్డమొచ్చి కనపడదు. ఎదురొచ్చే ముసలాయనకు మన ప్రాక్టీసుతో ఏం సంబంధం?

చివరికి దొరికింది జిన్నింగ్ మిల్లు, అంటే పత్తి నుంచి గింజ వేరుచేసే మిల్లు యార్డు. నర్సంపేట రోడ్డులో, మా మేనమామకు తెలిసిన సేటుది. మాది ఎరువులు, విత్తనాల దుకాణం కాబట్టి పత్తి మిల్లుల సంగతి నాకు బాగానే ఎరుక. దసరా దాటాక పత్తి రావడం మొదలైతే ఎండాకాలం మొదటిదాకా కాలు పెట్టే సందుండదు. ఆ తర్వాత మిషన్లకు నూనె పెట్టి గుడ్డలు కప్పేస్తారు, యార్డు మళ్లీ సీజన్ దాకా ఖాళీ. పత్తి కుప్పలు పోయడానికి వేసిన సిమెంటు గచ్చు, నూట యాభై మీటర్ల దాకా పొడవు. చుట్టూ ప్రహరీ, ఒక్కటే గేటు. సేటు ఒప్పుకున్నాడు గానీ దసరాకు పత్తి దిగే నాటికి యార్డు ఖాళీ చేయాలన్నాడు. నిప్పురవ్వ లేవొద్దన్నాడు, పెట్రోలు డబ్బా లోపలికి తేవొద్దన్నాడు. ప్రాజెక్టుకు గడువు అలా పడింది.

బండి 2014 కేటీఎం డ్యూక్ 200. ఎమ్మెస్‌కు అమెరికా పోతున్న పిల్లగాడి దగ్గర కొన్నాను. 199.5 సీసీ, 25 హార్స్‌పవర్, ఆరు గేర్లు. కొత్తది కొనగలిగి కూడా పాతదే ఎంచుకోవడానికి కారణం ఉంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరైంది. రోడ్డు మీద అది ప్రాణం కాపాడే సరుకు, అందులో అనుమానం లేదు. కానీ వెనక చక్రానికి కూడా ఏబీఎస్ ఉన్న బండిలో బ్రేకు మీద మన కాలొక్కదాని మాటే నడవదు. ముందు చక్రం గాల్లో ఆగిపోయి, వెనకది తిరుగుతుంటే ఆ ఏబీఎస్ పెట్టె ఏమనుకుంటుందో దాని ఇష్టం. నాకు కాలు నొక్కినంత బ్రేకు కావాలి, ఎక్కువా వద్దు తక్కువా వద్దు.

జులై మొదటివారం

బండిలో కొత్తగా వేసింది తక్కువ, ఊడదీసింది ఎక్కువ. అద్దాలు, సారీ గార్డు, వెనక పొడుగ్గా వేలాడే నంబరు ప్లేటు పట్టీ, అన్నీ దిగిపోయాయి. అలాంటి బండిని రోడ్డెక్కించకూడదు కనుక యార్డుకు దుకాణం ట్రాలీ ఆటోలో తీసుకుపోతున్నాం, యూరియా దింపిన బండిలో డ్యూక్‌ని పడుకోబెట్టకుండా నాలుగు తాళ్లతో కట్టి.

వేసిన వాటిలో ముఖ్యమైంది ముందు స్ప్రాకెట్, చైన్ తిరిగే పళ్ల చక్రం. 14 పళ్లది తీసి 13 పళ్లది ఎక్కించాడు మెకానిక్ అన్న. వెనకది 43 పళ్లు, దాన్ని ముట్టుకోలేదు. 43ని 14తో భాగిస్తే 3.07, 13తో భాగిస్తే 3.31. అంటే వెనక చక్రానికి అందే తోపు దాదాపు 8 శాతం పెరిగింది, టాప్ స్పీడు అంతే తగ్గింది. వెనక పెద్దది వేసి కూడా ఇదే పని చేయొచ్చు గానీ 46 పళ్లది వేస్తే తప్ప ఇంత తేడా రాదు, చైన్ పొడవు కూడా చూసుకోవాలి. ముందుది చిన్న ముక్క, ధర తక్కువ, మార్చడం తేలిక. చిన్న చుట్టు మీద చైన్ ఎక్కువ వంగి తొందరగా అరుగుతుంది, అది తెలిసే వేయించాను.

ఎనిమిది శాతం కోసం ఇంత యాతనెందుకని మెకానిక్ అన్న కూడా అడిగాడు. లెక్క ఇదీ. బండి 136 కిలోలు, హెల్మెట్టూ గార్డులతో కలిపి నేను డెబ్బై పైన. రెండూ కలిస్తే రెండు వందలు దాటింది. ముందు చక్రం లేవాలంటే ఎంత తోపు కావాలన్నది రెండు దూరాల మీద ఆధారపడుతుంది. మొత్తం బరువు కేంద్రం వెనక టైరు నేలను తాకే చోటు కన్నా ఎంత ముందుందన్నది ఒకటి, నేల నుంచి ఎంత ఎత్తులో ఉందన్నది రెండోది. ఇలాంటి బండి మీద మనిషి కూర్చుంటే ఆ రెండూ ఇంచుమించు సమానమవుతాయి. అంటే బండీ మనిషీ కలిపి ఎంత బరువో దాదాపు అంత బలంతో వెనక చక్రం ముందుకు తోయాలి. ఈ ఇంజన్‌కు మొదటి గేరులో ఆ బలం అంచు దాకా వస్తుంది, అదీ 8,000 ఆర్‌పీఎం దగ్గర, అందులో ఉన్న 19 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, మొత్తం విప్పినప్పుడు. ఉత్త రేసుతో ముందు చక్రం తేలికవుతుంది తప్ప లేవదు. లేపేది క్లచ్. ఆ 8 శాతం క్లచ్ మీద పడే కష్టాన్ని తగ్గిస్తుంది.

వెనక టైరులో గాలి మామూలుగా 30 దగ్గర ఉండేది, 20కి దించాం. టైరు కాస్త వెడల్పుగా కూర్చుంటుంది, పక్కలకు ఊగడం తగ్గుతుంది. క్లచ్ కేబుల్ కొత్తది, లివర్ దగ్గర వదులు చాలా తక్కువ పెట్టించాను. ఇంజన్ ఆయిల్, ఇంజన్ పక్కనున్న చిన్న గాజు బిళ్లలో పై గీత దాకా పోయించాను. ముక్కు పైకి లేస్తే ఆయిల్ అంతా వెనక్కి పోతుంది, పంపుకు గాలి అందితే ఇంజన్ పని అంతే.

ఇక వెనక కేజ్. బండి మరీ వెనక్కి వాలితే సీటు కన్నా ముందు నేలకు తగిలే పైపు ఇది. దీన్ని వెల్డింగ్ షాపులో ఫ్రేముకు బోల్టులు బిగించేలా చేయించాం. పైపు నేలకు రాసుకుంటే రవ్వలు లేస్తాయి, మిల్లులో ఆ మాటే పలకకూడదు. సీజన్ కాకపోయినా రేకుల సందుల్లో, గోడ మూలల్లో దూది పేరుకునే ఉంటుంది.

దారి చూపింది వాచ్‌మన్ కాక. గింజ నుంచి దూదిని లాగేది మిషన్‌లోని తోలు రోలర్లు. నడిమి కడ్డీకి గుండ్రటి క్రోమ్ తోలు వాషర్లను ఒకదాని మీద ఒకటి గుచ్చి, గట్టిగా నొక్కి, పైన గాడి తీస్తారు. సీజనంతా పత్తికి రాసుకుని అవి అరిగి సన్నబడితే రోలర్ మార్చేస్తారు. పాత వాషర్లు షెడ్డు వెనక సంచుల్లో పడి ఉన్నాయి. కాక ఒక గుప్పెడు తెచ్చి నా ముందు పోశాడు. అరచేతి వెడల్పు, బూడిద రంగు, అంచు గోరుతో నొక్కినా లొంగలేదు. ముక్కు దగ్గర పెడితే ఇంకా పత్తిగింజ నూనె వాసన. పైపు చివర పొడుగు బోల్టు పెట్టి వాటిని దొంతరగా గుచ్చి, అటు ఇటు ఇనుప పళ్లెం వేసి బిగించాం. నట్టు తోలు లోపలికి దిగిపోయేలా. 

"గిది అరిగేలోపు నువ్వే అరుగుతవ్ బిడ్డా," అన్నాడు కాక.

జులై, వానలు

గచ్చు మీద పాకురు. నడిస్తేనే జారుతోంది. బ్లీచింగ్ చల్లి, చీపురు పెట్టి రుద్దించాం. బండి దింపలేదు.

జులై మూడోవారం

నేర్పేది కాజీపేట తమ్ముడు. నాకన్నా పదేళ్లు చిన్న. ఇంజనీరింగ్ చదివేటప్పుడు కాలేజీ ఫెస్టుల్లో స్టంట్ షోలు చేసేవాడు, ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు వస్తున్నాడు. నన్ను అన్నా అంటాడు, నేను తమ్మీ అంటాను, యార్డులో మాత్రం మాట ఆయనదే.

వచ్చిన రోజు బండి చుట్టూ తిరిగి చూసి ముందు నా బూట్లు విప్పించాడు. అడుగు మందంగా ఉందట, పెడల్ తెలియదట. చీలమండ కప్పే పల్చటి బూట్లు తెమ్మన్నాడు. హెల్మెట్టు, గ్లోవ్స్, మోకాలు, మోచేతి, వీపు గార్డులు నేను ముందే కొన్నాను. వాటికి మార్కులేమీ ఇవ్వలేదు, ఉన్నాయో లేదో చూసుకున్నాడు అంతే. తర్వాత వెనక బ్రేకు పెడల్ ఎత్తు సరిచేశాడు. పాదం పెగ్ (కాలు పెట్టుకునే కడ్డీ) మీద పెడితే బొటనవేలి కిందే పెడల్ ఉండాలి, కాలెత్తి వెతుక్కునే పని ఉండొద్దు.

ఆ రోజంతా చక్రం లేవలేదు, లేపనివ్వలేదు. మొదటి గేరులో గంటకు 15 కిలోమీటర్ల దగ్గర పోవాలి. చేతిలో రేసు అలాగే పట్టి, కుడికాలితో బండిని నెమ్మది చేయాలి. ఇంజన్ లాగుతుంటే బ్రేకు వెనక్కి పట్టాలి, ఆ రెంటి నడుమ బండి ఆగొద్దు, ఎగిరెగిరి పడొద్దు. చదవడానికి ఇదేమంత పని కాదు. కానీ బ్రేకు నొక్కితే రేసు వదిలేయడం మనకు బండి నేర్చుకున్న నాటి నుంచి ఒంట్లో పాతుకుపోయిన అలవాటు. కాలు కిందికి పోగానే మణికట్టు తనంతట తాను ముందుకు తిరుగుతుంది. ఆ రెంటినీ విడదీయడమే పాఠం.

"అన్నా, చెయ్యి నాకొద్దు. కాలు చూపియ్," అని యార్డు మధ్యలో నిలబడి అరుస్తుంటాడు. నిజంగానే నేను పక్క నుంచి పోతుంటే ఆయన నా మొహం గానీ చక్రం గానీ చూడడు. వంగి నా కుడి బూటునే చూస్తాడు.

ఇంత పట్టింపు ఎందుకో ఆయన చెప్పిన తీరు నాకు నచ్చింది. బండి ముక్కు లేస్తుంది. మనిషి ఒళ్లు వెనక్కి జారుతుంది. పడిపోకుండా చేతులు హ్యాండిల్‌ని గట్టిగా లాగుతాయి. లాగితే కుడిచేతిలో రేసు ఇంకా తిరుగుతుంది. రేసు పెరిగితే ముక్కు ఇంకా లేస్తుంది, ఒళ్లు ఇంకా జారుతుంది. వెనక్కి తిరగబడే బండ్లలో ఎక్కువ భాగం ఇలాగే తిరగబడతాయి. భయపడిన చెయ్యి చేసేది సరిగ్గా చేయకూడని పనే. ఆ క్షణంలో అటు కాకుండా ఇటు పనిచేయగలిగింది ఒంట్లో ఒక్కటే, కుడి పాదం. వెనక చక్రాన్ని పట్టి ఆపితే బండి ముక్కు దానంతటదే కిందికి వస్తుంది. అందరూ ఎలా లేపాలో అడుగుతారు. ఎలా దించాలో అడిగేవాడు వంద మందిలో ఒకడుంటాడేమో.

జులై ఆఖరు

ఈ వారం ఇంజన్ స్టార్ట్ చేయకుండానే అసలు సంగతి తెలిసింది.

తమ్ముడు, కాక, మా దుకాణంలో హమాలీ, ముగ్గురూ కలిసి నేను సీటు మీద కూర్చుని ఉండగానే డ్యూక్ ముక్కు పైకెత్తారు. న్యూట్రల్‌లో ఉంది, నా కుడికాలు బ్రేకు మీద ఉంది. మొదట ముగ్గురికీ చెమటలు పట్టాయి. హమాలీ రోజూ 45 కిలోల యూరియా బస్తాలు మోసే మనిషి, ఆయనే ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు కింద భుజం పెట్టి మూలిగాడు. మోకాళ్ల ఎత్తు దాటింది, నడుము ఎత్తు దాటింది. ఎత్తు పెరిగేకొద్దీ బరువు తగ్గడం నేను వాళ్ల ముఖాల్లో చూశాను. బిగపట్టిన దవడలు వదులయ్యాయి. కాక ఒక చెయ్యి తీసి చెమట తుడుచుకున్నాడు.

"ఇగ బరువే లేదు," అన్నాడు ఆశ్చర్యంగా.

తమ్ముడు మిగతా ఇద్దర్నీ పక్కకు జరగమన్నాడు. ముందు టైరు అడుగున ఒక్క చూపుడు వేలు ఆనించి నిలబడ్డాడు. నేనూ బండీ కలిపి రెండు వందల కిలోల పైమాట, ఆ వేలి మీద ఆగింది. వేలు కాస్త తీస్తే ముక్కు ముందుకు తూగుతుంది, కాస్త నెడితే వెనక్కి. నాకు హెడ్‌లైట్ వెనక నుంచి షెడ్డు రేకుల పై అంచు, దాని మీద మబ్బు తప్ప ఏమీ కనపడలేదు. నేను అనుకున్నదానికన్నా చాలా ఎత్తు. అద్దంలో చూసుకుంటే పడిపోతున్నట్టు ఉండేది, కూర్చున్నవాడికి మాత్రం నిమ్మళంగా ఉంది. బరువు కేంద్రం సరిగ్గా వెనక టైరు మీదికి వచ్చిన చోటు అది. అక్కడ ఇంజన్ తోయాల్సిన పని లేదు.

తర్వాత వాళ్లు ముక్కు అదే ఎత్తులో పట్టుకుని బండిని నడక వేగంతో ముందుకు తోశారు. నన్ను బ్రేకు తాకమన్నారు. నొక్కడం కాదు, తాకడం. ముక్కు వెంటనే వాళ్ల చేతుల్లోకి వచ్చి పడింది. హమాలీ "అయ్యో" అని పట్టుకున్నాడు. మళ్లీ తోశారు, ఈసారి ఇంకా మెల్లగా తాకాను, కాస్తే దిగింది. ఇంజన్ చప్పుడు లేదు, వేగం లేదు, భయం లేదు కాబట్టి పాదానికీ ముక్కుకూ మధ్య ఉన్న తీగ చాలా స్పష్టంగా తెలిసింది. ఎవరైనా నేర్చుకోవాలనుకుంటే ముగ్గురు మనుషుల్ని పిలిచి ముందు ఈ పని చేయండి. వీడియోలు ఎన్ని చూసినా ఇది అందదు.

చివర్న బండిని కేజ్ మీదికి వాల్చి పెట్టారు. తోలు వాషర్లు గచ్చు మీద మెత్తగా ఆనాయి. ఆ చోటు కూడా ఒంటికి తెలియాలట. కింద పడేలోపు ఆపేది ఒకటుందని తెలిస్తే చేతులు హ్యాండిల్‌ని అంత గట్టిగా పట్టవు.

ఆగస్టు

క్లచ్.

మొదటి గేరు, గంటకు 15 నుంచి 20. మోకాళ్లతో ట్యాంకు పట్టాలి, మోచేతులు కొంచెం వంచాలి. రేసు కొద్దిగా ఇచ్చి, ఒక్క వేలితో క్లచ్ లోపలికి లాగి, ఇంజన్ గొంతు పైకి పోగానే వేలు వదిలేయాలి. ఇంజన్ లోపల తిరిగే బరువులు ఆ అర క్షణంలో పోగేసుకున్న బలం ఒక్కసారిగా చైన్ మీద పడుతుంది. ఉత్త రేసుకు చాలని తోపు అలా వస్తుంది. మీటర్ చూడొద్దు, వినాలి. ఏడు వేల దగ్గర ఈ ఇంజన్ గరగర నుంచి ఈలలోకి మారుతుంది, వేలు వదలాల్సింది ఆ మారే చోట.

ఇంకొక కిటుకు ముందు ఫోర్కుది. రేసు ఒక్కసారి వదిలితే ముక్కు కిందికి కుంగుతుంది, స్ప్రింగులు మళ్లీ పైకి తన్నుతాయి. ఆ పైకి తన్నేటప్పుడే క్లచ్ వదిలితే సగం పని స్ప్రింగులే చేస్తాయి. ఈ తాళం కుదిరిన రోజు నేను హ్యాండిల్ లాగడం మానేశాను. అప్పటిదాకా బండిని చేతులతో లేపుతున్నట్టు ఉండేది, భుజాలు పట్టేసేవి.

తమ్ముడి షరతు ఒక్కటే. లేచినది జానెడే కానీ, మూరెడే కానీ, బ్రేకుతోనే దించాలి. దానంతటదే దిగిపోతున్నా సరే, పాదం తాకాలి. దానంతటదే దిగిన వీలీని ఆయన వీలీ కింద లెక్కకట్టడు. మొదట్లో ఇది చాదస్తంలా తోచింది. ముందు చక్రం గచ్చు నుంచి జానెడు లేచి ఠక్కున పడుతుంటే బ్రేకెందుకు? కానీ నెల చివరికి పాదం నన్ను అడగకుండానే పనిచేస్తోంది. చక్రం కాస్త ఎక్కువ లేచిన సాయంత్రం, నాకు భయం తెలిసేలోపే ముక్కు దిగిపోయి ఉంది.

క్లచ్ ప్లేట్లు వేడెక్కితే కాలిన వాసన వస్తుంది, లివర్ మెత్తబడుతుంది. అప్పుడు ఆపి చాయ్ తాగాలి. ఈ బండిలో ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి, అవి అరిగిన పొడి అంతా ఆయిల్‌లో కలుస్తుంది కాబట్టి కంపెనీ చెప్పినదానికన్నా చాలా ముందే ఆయిల్ మారుస్తున్నాను. వేలి నొప్పి సంగతి చెప్పనక్కర్లేదు. బస్తాలు మోసిన చేతులకు ఒక్క వేలు ఇంత సతాయిస్తుందని అనుకోలేదు.

గచ్చు వాన నీళ్లు పోవడానికి తూర్పుకు వాలుగా వేసి ఉంది. కంటికి కనపడనంత వాలు. చక్రం లేచినప్పుడల్లా బండి మోరీ వైపే జరుగుతోంది. హ్యాండిల్ తిప్పితే లాభం లేదు, ముందు చక్రం నేల మీద లేదు. ఎడమ మోకాలితో ట్యాంకును నొక్కి, నడుము కాస్త జరిపితే సర్దుకుంటుంది. ఇప్పుడు పడమటికి ఎదురెక్కేలా పోతున్నాం, ఎత్తుకు పోతుంటే ముక్కు కూడా తేలికగా లేస్తుంది.

ఆగస్టు చివర

దుకాణం ముందు యూరియా లైన్లు. చెప్పులు కూడా వరుసలో పెట్టి పోతున్నారు. యార్డు ముఖం చూడలేదు.

ఇంట్లో ఒక కొత్త తలనొప్పి. మా చిన్నోడు వాకిట్లో సైకిల్ ముందు చక్రం లేపుతున్నాడు, అదీ వెనక బ్రేకు తీగ తెగిన సైకిల్. ఇంటామె నా వైపు చూసిన చూపు రాయలేను. తీగ వేయించాను, హెల్మెట్టు పెట్టించాను, యార్డు వీడియోలు ఫోన్ నుంచి తీసేశాను.

సెప్టెంబరు

వాన తెరిపిచ్చిన ప్రతి ఆదివారం యార్డే. ఎత్తు పెరిగింది. దూరాన్ని షెడ్డు స్తంభాలతో కొలుస్తున్నాం. మొదటి స్తంభం దగ్గర లేపితే రెండోదాని ముందే దిగిపోయేది. ఇప్పుడు మంచి రోజున నాలుగో స్తంభం దాటుతోంది. చక్రం తక్కువ ఎత్తులో ఉంటే బండి ముందుకు ఉరుకుతూనే ఉంటుంది, ఇంజన్ పై అంచుకు చేరి బలం అయిపోయి కింద పడుతుంది. ఎత్తు పెంచితే ఉరుకుడు తగ్గి అదే వేగంతో ఎక్కువ దూరం పోవచ్చు. కానీ ఆ ఎత్తుకు పోవాలంటే పాదం మీద నమ్మకం ఉండాలి.

దిగడం గురించి. చక్రం నేలకు తగిలేటప్పుడు నేరుగా ఉండాలి, వంకరగా ఉంటే హ్యాండిల్ ఒక్కసారి విదిలిస్తుంది. ముందు బ్రేకు లివర్ మీద వేలు ఉండకూడదు. గాల్లో భయపడి దాన్ని పట్టుకుంటే ఆగిపోయిన చక్రంతో నేల మీదికి దిగుతాం. తగిలే ముందు చిటికెడు రేసు ఇస్తే మెత్తగా దిగుతుంది. ఇది చెప్పినంత తేలిక కాదు, నా దిగుడు ఇప్పటికీ సగం సార్లు దభీమనే ఉంటుంది.

ఆ దభీమనడం బండి లెక్కలో పడుతోంది. ఎడమ ఫోర్కు ఆయిల్ సీలు కారుతోంది, పైపు మీద సన్నటి నూనె గీత. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపితే హ్యాండిల్ మెడ దగ్గర టక్ టక్ అంటోంది, అక్కడి బేరింగుల జత, కోన్ సెట్, వదులైంది. బిగించాం, కానీ బేరింగ్ గుంటలు పడితే బిగింపు ఎన్నాళ్లు ఆగుతుంది. వీలీ నేర్చుకోవడానికి ఖర్చెంత అని అడిగేవాళ్లు పెట్రోలు లెక్క వేస్తారు. వేయాల్సింది సీళ్లు, కోన్ సెట్టు, క్లచ్ ప్లేట్లు, చైన్.

రెండో గేరు గురించి మా ఇద్దరికీ కొంత వాదన. మొదటి గేరులో రేసు ఇచ్చినా వదిలినా బండి తల ఊపుతుంది, రెండో గేరులో నునుపుగా ఉంటుంది, ఎక్కువ సేపు నిలపాలంటే అదే సరైనదంటాడు తమ్ముడు. నిజమే. కానీ రెండో గేరులో ముక్కు లేవాలంటే వేగం ఎక్కువ కావాలి, క్లచ్ ఇంకా గట్టిగా కొట్టాలి, దిగాక ఆగడానికి జాగా కావాలి. మన గచ్చు చివర ప్రహరీ గోడ ఉంది. నేను ఒప్పుకోలేదు. గోడను చూపిస్తే ఆయన కూడా నవ్వి ఊరుకున్నాడు.

సెప్టెంబరు, ముసురు

షెడ్డులో కూర్చుని కాకకు రికార్డుల కథ చెప్పాను. అమెరికాలో డగ్ డొమోకోస్ అని ఒకాయన 1984లో టల్లడేగా రేసు ట్రాక్ మీద ఆగకుండా 145 మైళ్లు ఒక్క చక్రం మీద పోయాడు. అంటే 233 కిలోమీటర్లు. 1991 మే నెలలో జపాన్‌లో యసుయుకి కుడో దాన్ని దాటి 331 కిలోమీటర్లు పోయాడు. హన్మకొండ నుంచి హైదరాబాద్ పోయి తిరిగి వచ్చినా ఇంకా మిగిలే దూరం. కుడో నడిపింది పెద్ద ఇంజన్ బండి కాదు, హోండా టీఎల్ఎమ్ 220 అనే ట్రయల్స్ బండి, రాళ్లూ గుట్టలూ ఎక్కడానికి చేసిన తేలికపాటిది. బలం కాదు, తూకం పట్టడమే అంతా అని ఇంతకన్నా రుజువేం కావాలి.

కాక అంతా విని, "మరి మూత్రమొస్తే?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

పెత్రమాస తర్వాత

ఊళ్లో ఎంగిలిపూల బతుకమ్మ అయిపోయింది. రోడ్డు పక్క తంగేడు పూలన్నీ తెంపుకుపోయారు. మిల్లులో మిషన్ల మీది గుడ్డలు తీశారు, కొత్త తోలు రోలర్లు వచ్చాయి. ఫిట్టర్ వాటికి గాడి తీస్తుంటే ఆ చప్పుడు యార్డంతా వినపడుతోంది. నాకు ఇంకో ఆదివారం ఉంది అనుకుంటే సేటు ఫోన్ చేశాడు, పరకాల వైపు నుంచి తొలి ఏరు పత్తి ముందే వస్తోందట. వాన తడిసిన పత్తి, గచ్చు మీద ఆరబోయాలి. ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ వాళ్లు 8 నుంచి 12 శాతం తేమ దాకానే కొంటారు, ఆపైన ఉంటే రైతు ట్రాక్టర్ తిప్పుకుని పోవాల్సిందే. అలాంటప్పుడు గచ్చు మీద టైరు గీతలెవరిక్కావాలి.

ఆఖరి సాయంత్రం తమ్ముడు నన్ను ఏమీ కొత్తగా చేయమనలేదు. జానెడు ఎత్తు, బ్రేకు. మూరెడు ఎత్తు, బ్రేకు. నడుమంత ఎత్తు, బ్రేకు. తర్వాత ఆయన ఎక్కాడు. యార్డు ఒక చివర లేపి, మోకాళ్లు ట్యాంకుకు అతుక్కుని, ఇంజన్ దాదాపు గొణుగుతూ ఉండగా, మనిషి నడిచే వేగం కన్నా కాస్త ఎక్కువతో మరో చివరి దాకా పోయాడు. రేసు చప్పుడులో ఎక్కడా కుదుపు లేదు. నేను ఈసారి ఆయన కాలినే చూశాను. బూటు ముందు భాగం కదులుతూనే ఉంది, పెడల్ మీద చిన్నచిన్నగా, ఆగకుండా, దూరం నుంచి చూసేవాడికి కదులుతున్నట్టే తెలియనంతగా. నాది ఇంకా నొక్కి వదిలే బ్రేకు. ఆయనది ఎప్పుడూ వదలనిది. తేడా ఎక్కడుందో చూశాను, రావడానికి ఇంకో వేసవి కావాలి.

గచ్చు మీది నల్ల గీతలు కాకా నేనూ సర్ఫు వేసి కడిగాం. కేజ్ విప్పాం. తోలు వాషర్లలో ఒకవైపు గోరంత మందం కూడా పోలేదు, కాక వాటిని లెక్కపెట్టి తన సంచిలో వేసుకున్నాడు, వచ్చే ఏడు ఇస్తానని.

బండి ఇప్పుడు మెకానిక్ అన్న దగ్గర ఉంది. 14 పళ్ల స్ప్రాకెట్ మళ్లీ ఎక్కింది, వెనక టైరులో గాలి నింపించాను, అద్దాలు, సారీ గార్డు, నంబరు ప్లేటు బిగించారు. ఫోర్కు సీళ్లు రెండూ మారుస్తున్నాడు, ఒకటి పోతే రెండోది కూడా మార్చాలన్నది ఆయన పట్టుదల. కోన్ సెట్ విప్పి చూస్తే కింది బేరింగ్‌లో గుంటలు కనపడ్డాయి, కొత్తది హైదరాబాద్ నుంచి రావాలి. అది వచ్చేదాకా దుకాణానికి పాత స్కూటీ మీదే పోతున్నాను. ఏప్రిల్‌లో యార్డు ఖాళీ అయ్యాక సేటు దగ్గరికి పోయి గోడ పక్కన రెండో గేటు తీయించే మాట అడగాలి, అది తెరిస్తే ఇంకో యాభై మీటర్లు దొరుకుతాయి.